గొలుసు కొస పట్టుకున్న రోజు

“ఏమే, ఆ పొద్దు గొలుసు కొస రాయిమీదనే పెట్టినావు కదా?”

“నన్నేల అడిగేది? ఆ మ్యాడమ్మనే అడుక్కోపో.”

మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలివి. మొన్న మా తమ్ముడి కూతురు ఫోనులో వైట్‌ఫీల్డు అవతలి పొలాల పటం తీసి, మామ కొలిచిన నేల ఇదేనా అత్తా అని చూపించేసరికి అన్నీ గుర్తుకొచ్చాయి. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే అది రాస్తోంది.

ఆయన సర్వేవాళ్ల దగ్గర కొలత గొలుసు లాగే పని చేసేవాడు. తొంభైలలో ఒకరోజు జతగాడికి జ్వరమొస్తే, సద్ది తీసుకెళ్లిన నన్నే అవతలి కొస పట్టుకొమ్మన్నాడు. పెళ్లయ్యాక తన పనిలోకి నన్ను పిలిచింది ఆ ఒక్కసారే. నా కాళ్లు నేలమీద ఆనలేదు. తీరా చూస్తే హద్దురాయికి ఎవరో పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి పోయారు. బొట్టు పెట్టిన రాయిమీద ఇనుము ఎలా పెడతాం? మూరెడు ఇవతలే ఆనించి, సరిగ్గా ఉందని కేకేశాను. ఆయన చెప్పిన కొలతను పైవాళ్లు పుస్తకంలోకి ఎక్కించారు.

పదేళ్లు దాటాక ఆ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఎక్కిన అంకెలు నిజమేనా, ఏ కొలత ఎవరి చేతినుంచి వచ్చింది అని తేల్చడానికి ఆఫీసునుంచి ఒక పడుచుపిల్ల వచ్చింది. పాత రాళ్లన్నీ తెలిసినవాడని ఈయన్ను వెంటబెట్టుకుని పొలాలు తిరిగింది. ఆమె చేతిలోని కొలిచే మిషనుకు ఎండ తగలకుండా ఈయన గొడుగు పట్టేవాడు. మిషనుకేనట! “మీ ఆయన గొడుగు బలే పట్టతాండాడు మే” అని పక్కింటామె ఎకసెక్కాలు. ఇంట్లో రెండు మాటలకు మూడో మాట ఎరగని మనిషి ఆమె దగ్గర గలగలా మాట్లాడుతుంటే నా కడుపు మండిపోయింది.

ఆ హద్దు దగ్గర మూరెడు తేడా వచ్చింది. ఒక్క తప్పూ చేయడని పేరున్న మనిషికి తల కొట్టేసినట్టయింది. పొద్దున్నే నన్నడిగాడు. నిజం నోటిదాకా వచ్చింది, కానీ చెబితే పోయి ఆమెకే చెబుతాడు, ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు అనుకున్నాను. ఆ జవాబిచ్చి పంపాను. మధ్యాహ్నం పొలంలోనే కూలిపోయాడు.

పదకొండో రోజు ఆ పిల్ల వచ్చి నేలమీద కూర్చుని ఏడ్చింది. “పోయిన పొద్దు కూడా పాత కొలత తప్పేమో అంటే ఒప్పుకోలేదమ్మా. ‘కొస పట్టింది మా ఇంటామె మ్యాడం, ఆమె పట్టింటే తప్పుండదు’ అనేసినారు. తిరిగినన్ని దినాలూ మీ మాటే.”

అప్పుడు జరిగింది చెప్పాను. ఆమె అంకె సరిచేయించి, తప్పు ఆయనది కాదని కూడా రాయించింది. మంచి పిల్లే. అయినా ఆ మాట ఆయన నాతో అనకుండా ఆమెతో అన్నాడే, ఆ కుళ్లు నాకింకా పోలేదు.

ఇప్పుడు నేలను ఆకాశంనుంచి కొలుస్తారట. ఒక్కడొచ్చి కర్ర నిలబెట్టి పోతాడు. తప్పులు తగ్గాయేమో, మంచిదే. అవతలి కొస పట్టుకోమని పెళ్లాన్ని పిలిచే పని మాత్రం ఎవరికీ లేదు.

చాలు పాపా, ఇంక రాయొద్దు. ఆయన నా గురించి అన్న మాటుంది చూడు, అక్కడినుంచి గట్టిగా చదువు.