పోయినవాళ్ల రేషన్ కార్డు

చిక్కపేటలో బియ్యం, చక్కెర, కిరసనాయిలు దొంగచాటుగా అమ్మే ముఠాకు పెద్ద ఎవరో మా వీధిలో అందరికీ తెలుసు. మూటలు మోసే హమాలీలు, బండ్లవాళ్లు ఆయన మాట దాటేవాళ్లు కాదు. ఎదురుతిరిగిన ఒక వర్తకుడి చేయి విరగ్గొట్టించాడని కూడా విన్నాం. అయినా ఆయనను దొంగ అనడానికి మాకు నోరు వచ్చేది కాదు. యుద్ధం రోజులవి. రేషన్ అంగడి ముందు పొద్దుటినుంచి నిలబడి, అయిపోయిందనిపించుకుని ఖాళీ సంచితో తిరిగొచ్చేవాళ్లం. ఎక్కువ ధరకైనా పురుగులేని బియ్యం దొరికేది ఆయన దగ్గరే. పైగా వీధిలో ఎవరు పోయినా అందరికంటే ముందు వచ్చేది ఆయనే. కట్టెలు తెప్పించేవాడు, పాడె మోసేవాడు. అందరం అన్నా అనే పిలిచేవాళ్లం.

మా పాప అయిదో ఏట జ్వరంతో పోయింది. ఆయనే చేతుల మీద ఎత్తుకుని స్మశానం దాకా నడిచాడు. గరడిలో కుస్తీలు పట్టి పెరిగిన మనిషి, భుజాలు అదిరేలా ఏడ్చాడని చూసినవాళ్లు చెప్పారు. మూడోనాడు మా ఇంటికి వచ్చి మా ఆయనతో అన్నాడు:

"రేషన్ ఆఫీసుకు పోయి బిడ్డ పేరు కొట్టేయించల్లప్పా. ఈ దుఃఖంలో నువ్వేం పోతావు? కార్డు ఇట్లియ్యి, నేను చూసుకుంటా."

గడపలో నిలబడి నేను ఆయనకు దండం పెట్టాను.

మా ఆయనది పట్టుచీరల నేత. ఇంట్లోనే మగ్గం. ఆ ఏడు పట్టు దొరక్క వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మాది ఆగలేదు. ఎలాగో పట్టు వచ్చేది, అప్పుడప్పుడు పొట్లం చక్కెర కూడా. ఎక్కడిదని అడిగితే, "అన్న ఇచ్చినాడులేమ్మే" అనేవాడు. బిడ్డ పోయిన ఇల్లని జాలిపడుతున్నాడనుకున్నాను. పాప పోయి ఏడాది తిరిగిన రోజు ఆ చక్కెరతోనే పాయసం వండాను. ఇరుగుపొరుగు పిల్లలకు పోసి, నేనూ తాగాను.

రెండో ఏడు కూడా గడిచాక, కొత్తగా వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకడు అన్న గోదాముల మీద పడ్డాడు. బియ్యం మూటలతో పాటు రేషన్ కార్డుల కట్టలు దొరికాయి. ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు మా ఇంటికి వచ్చి ఒక కార్డు తెరిచి చూపించాడు.

"ఈ పేర్లలో నీకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారామ్మా?"

నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. కూడబలుక్కుని చదివాను. ఇంటి పెద్ద అని రాసింది మా ఎదురింటి కంచరి తాత పేరు. ఆయన భార్య అని రాసింది వీధి చివరి మంత్రసానమ్మ పేరు. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. బతికున్నప్పుడు ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు. వాళ్ల మనవరాలని కింద మా పాప పేరు ఉంది. వయసు ఏడేళ్లు.

"మా పాపకు అయిదే సార్," అన్నాను.

"పోయినోళ్ల పేర్లతో సరుకు తీసుకుంటా, కార్డు తిరగరాసినప్పుడంతా వయసు పెంచుతారు కదమ్మా."

నా చేతుల్లో అయిదేళ్లకే ఆగిపోయిన బిడ్డ ఆ కాగితంలో పెరుగుతూ ఉంది. కోర్టులో సాక్ష్యం చెప్తావా అని ఇన్‌స్పెక్టరు అడగడం పూర్తికాకముందే చెప్తానన్నాను.

ఆ రోజునుంచి మా ఆయన సరిగా అన్నం తినలేదు.

"కోర్టుకు పోవద్దమ్మే. వాళ్ల మనుషులు ఊరంతా ఉండారు."

"మన బిడ్డను మోసిన చేతులవి. ఎట్ల ఊరుకొనేది? నువ్వు రావద్దులే, నేనే పోతా."

భయపడుతున్నాడనుకున్నాను.

కోర్టులో ముఠా పెద్ద ఇస్త్రీ పంచె కట్టుకుని, నేను బోనెక్కగానే చేతులు జోడించాడు. నేను ఆ వైపు చూడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పుడు ఆయన వకీలు లేచి నా చేతికి ఒక కాగితం ఇప్పించాడు. రేషన్ ఆఫీసుకు రాసిన అర్జీ. నా కూతురు ఇకమీద తాతగారింట్లో ఉంటుంది, పేరు ఆ ఇంటి కార్డులోకి మార్చవలెను అని ఉంది. పాప పోయాక నెలకు రాసింది. కింద తెలుగులో చేవ్రాలు.

"ఈ చేవ్రాలు ఎవరిది?"

మా ఆయన పేరు రాశాక కింద ఒక వంకర గీత గీసేవాడు. ఆ గీత ఉంది. తిరిగి చూశాను. రావద్దన్నా వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా చూపు తగలగానే తల దించుకున్నాడు.

తెలియదంటే నా సాక్ష్యం అబద్ధమవుతుంది. తెలుసంటే తప్పంతా మా ఇంటి మీదికి వస్తుంది. వకీలుకు కావలసింది అదే.

"మా ఇంటాయనది," అన్నాను.

బయట పోలీసుల మధ్య నడుస్తూ ఆ పెద్దమనిషి నా ముందు ఒక్క క్షణం ఆగాడు. "చెల్లెమ్మా, ఆ పొద్దు నేను ఏడ్చింది దొంగేడుపు గాదు," అన్నాడు. ఆ మాట నిజమేనని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే ఎక్కువ మండుతుంది.

ఇంటికి వచ్చాక మా ఆయనను అడిగాను.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటినుంచి. మగ్గం ఆగిపోతే ఏం తినల్ల మనం? పట్టు ఇప్పిస్తా, ఒక చేవ్రాలు చెయ్యి అన్నాడు. పోయిన బిడ్డకు నష్టమేముండాదిలే అనుకొంటిని."

"నాతో ఒక మాట చెప్పల్ల గదా."

"చెప్తే చెయ్యనిస్తావా?"

ఆ చక్కెరతో పాయసం వండింది గుర్తొచ్చింది. ఆ గిన్నె తీసుకుని పెరట్లోకి పోయి, బూడిద పెట్టి తోముతూ కూర్చున్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మా ఆయనను పిలిపించాడు. అంతా చెప్తే వదిలేస్తామన్నారు. చెప్పాడు. ఏ గుమాస్తా ముద్ర వేసేవాడో, ఇంకా ఎవరెవరి చేత రాయించుకున్నారో అన్నీ. కేసు నిలబడింది. ముఠా పెద్దకు కఠిన శిక్ష పడింది, గుమాస్తా ఉద్యోగం పోయింది. మా ఆయన ఇంటికి వచ్చాడు. మాకు పట్టు రావడం ఆగింది. ఆయన వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేశాడు, నేను కండెలు చుట్టాను. కొళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. "మా పిల్లోళ్ల నోటికాడి బువ్వ తీసేస్తివి గదా," అని ఒకామె మొహం మీదే అంది. ఆమె అత్త పేరు కూడా ఆ కార్డుల్లో ఉంది.

ఆయనతో కాపురం వదులుకోలేదు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆయన చెడ్డవాడని ఎవరితోనూ అనలేదు. కానీ ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు నేను చివరిదాకా చదివి, ఆ తర్వాతే ఆయన చేతికి ఇచ్చేదాన్ని.