బాపు తోమని పన్ను

మా బాపు పోచంపల్లిలో నేత పని చేస్తాడు. పోగు తెగితే ముడేసి, కొసను ముందరి పంటితో కొరికేస్తాడు. కత్తెర పక్కనే ఉంటుంది, ముట్టడు. ఆ కొరుకుడుకి పన్ను కదిలి కదిలి, ఒకరోజు సర్వపిండి తింటుంటే ఊడి చేతిలోకి వచ్చింది.

భువనగిరిలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. దవడ ఎముకలో టైటానియం బోల్టు బిగించి, కొన్ని నెలలకు అది కుదురుకున్నాక పైన పింగాణి పన్ను పెట్టింది. ఏ రంగు కావాలని అడిగితే బాపు పెళ్లికొడుకులాగా "తెల్లగ పెట్టుండ్రి" అన్నాడు. చిన్నప్పటి నుంచి మా వైపు ఫ్లోరైడు బోరునీళ్లు తాగిన పళ్లు ఆయనవి, అన్నిటి మీదా గోధుమరంగు చారలే. వాటి మధ్య ఈ కొత్తది ఒక్కటే తళతళలాడింది.

"ముసలోనికి దసరా పండుగ" అని అమ్మ ఏడిపించింది. కానీ ఆ తర్వాత నుంచి ఆయన ఎదుట నవ్వు వస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమెవీ చారల పళ్లే. పెళ్లయినప్పటి నుంచి ఇద్దరూ నోరారా నవ్వుకున్నవాళ్లే, ఇప్పుడీ కొత్త సిగ్గేమిటో! నాకు బాధేసింది, అమ్మ మీద చిరాకు కూడా వేసింది.

ఇంతలో బాపుకు ఆ పన్ను చుట్టూ చిగురు వాచింది. ఉమ్మితే రక్తం. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

"తాతా, గీ పన్ను తోముతలేవా?" అందామె.

బాపు గోడకేసి చూశాడు.

"టైటానియం మీద మన ఒంటికి పగ ఉండదు, ఎముక దాన్ని మంచిగనే పట్టుకుంటది. కని చిగురు కింద బోల్టు మీద పాచి పేరుకుంటే, ఆ సూక్ష్మజీవుల మీదికి ఒంట్ల రక్షణ దళం కొట్లాటకు పోతది. ఆ కొట్లాటల మన చిగురే వాస్తది, ముదిరితే ఎముక కరుగుతది. అప్పుడు బోల్టు తియ్యాల్సిందే."

నాకు ఒళ్లు మండింది. "మగ్గం గుంట రోజూ ఊడ్సుకుంటవ్, ఒక్క పన్ను తోముకోరాదా బాపూ?"

"తక్కినయన్ని తోముతున్న బిడ్డా. గిదొక్కటే ఇడిసిపెట్టిన. పాచి పడితే జర రంగు మారుతదేమోనని. మీ అమ్మ నన్ను జూసి నవ్వుతలేదు."

డాక్టరమ్మ నెమ్మదిగా అంది: "పింగాణి నున్నగ ఉంటది తాతా, దానికి రంగు పట్టదు. పింగాణి గిన్నెకు పులుసు మరక పడుతదా? నువ్వు చేసిందల్లా కింద పురుగులకు జాగా ఇచ్చుడే."

పైపన్ను విప్పి, బోల్టును మెత్తటి పనిముట్టుతో శుభ్రం చేసింది. లోహం మీద గీతలు పడితే సూక్ష్మజీవులకు మరింత పట్టు దొరుకుతుందట. బోల్టు నిలుస్తుందో లేదో వాపు తగ్గాకే చెప్తానని, అప్పటిదాకా పైపన్ను పెట్టనంది. అప్పటి నుంచి బాపు మూతి వంకర్లు తిప్పుతూ, అద్దం ముందు చిన్న బ్రష్షుతో పొద్దునా రాత్రీ బోల్టు చుట్టూ తోమాడు. అమ్మ పక్కన నిలబడి కాపలా కాసింది.

చిగురు ఎరుపు తగ్గింది. బోల్టు గట్టిగానే ఉందని డాక్టరమ్మ చెప్పిన రోజు అమ్మ కూడా మాతో వచ్చింది. పాత తెల్లది వద్దని బాపు అంటే, కొత్త పన్ను ఏ రంగులో చేయించమంటావని అడిగింది డాక్టరమ్మ.

బాపు అమ్మ చెయ్యి పట్టి ముందుకు లాగాడు. "గీమె పన్ను సూసి, అచ్చం గట్లనే చేపియ్యుండ్రి."

అమ్మ పెదాలు బిగించుకుంది. ఎంత బతిమాలినా తెరవలేదు. చివరికి కోపం ఆపుకోలేక, "సిగ్గు లేదా ముసలోడా! నా పండ్ల రంగు నలుగుర్ల సూపెడుతవా?" అని అందుకుంది. డాక్టరమ్మ ఆ తిట్ల మధ్యలోనే రంగుల పట్టీ దగ్గర పెట్టి, సరిపోయేది చూసుకుంది.

బాపు పన్ను లేని సందుతో అమ్మను చూసి ఇకిలించాడు. ఆ నోరు చూసి, తిడుతూ తిడుతూనే అమ్మ పకపకా నవ్వేసింది.