డీలియా పట్టుబట్టిన సందు

డీలియా హాన్రటీ నోరంటే మా కిల్‌బ్రాక్ ఊళ్లో పాదిరీగారికి కూడా హడలే. ఐర్లండు పడమటి ఒడ్డున ఉంటాం మేం. సముద్రం వెనక్కి తగ్గగానే ఆవిడ బకెట్టు పట్టుకుని సందులోంచి ఒడ్డుకు దిగేది, రాళ్లకు అంటుకున్న నత్తలు ఏరేది, ఉడకబెట్టి సంతలో పొట్లాలు కట్టి అమ్మేది. మొగుణ్ణి సముద్రం మింగేశాక పిల్లల్ని ఆ నత్తలతోనే పెంచింది. పక్కింట్లో ఉండి అంతా చూసినవాణ్ణి.

ఆ సందుకు కోల్మన్ టూయీ ఇనప గేటు పెట్టి తాళం వేశాడు. పక్కనే అతని హోటలు. అక్కడ దిగినవాళ్లకి నత్తల బకెట్లు కనబడకూడదట! ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. డీలియా ఆ ముసలి వయసులో గేటెక్కి దూకింది. వాడు పైన ముళ్లతీగ చుట్టించాడు.

"బతికుండగా తెరవవా? చచ్చాక తెరిపిస్తాలే!" అని వీధిలో నిలబడి అరిచింది.

ఆ చలికాలమే ఆవిడ పోయింది. పోయేముందు కూతురు బ్రీడాతో, "నన్ను సందులోంచే ఒడ్డునున్న శ్మశానానికి తీసుకెళ్లండి. గేటు తీయకపోతే అక్కడే దించండి. నాకేం తొందర?" అంది.

అలాగే గేటు ముందు కుర్చీల మీద శవపెట్టె దించాం.

కోల్మన్ పరిగెత్తుకొచ్చాడు. "రోడ్డు మీంచి వెళ్లండి బాబూ!"

"మా అమ్మ ఎప్పుడూ రోడ్డు మీంచి వెళ్లలేదు," అంది బ్రీడా.

"ఎంతసేపిలా?"

"నువ్వు తెరిచేదాకా. చలికాలమేగా, అమ్మ పాడవదు."

వీధిలో శవం ఉన్నంతసేపూ మా ఊళ్లో ఏ కొట్టూ తెరవరు. కిటికీ తెరలు దించి, టోపీలు తీసి నిలబడతారు. మాంసం కొట్టు మూత, రొట్టెల కొట్టు మూత. సారా కొట్టు కూడా మూతే, అది మాత్రం మాక్కూడా కష్టంగానే ఉంది. కోల్మన్ హోటల్లో ఆ రోజు పెళ్లి విందు. తలుపు తెరవబోతే గడపలో వాళ్లమ్మ హొనోరా అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్, శవం వాకిట్లో ఉండగా నా ఇంటి తలుపు తీస్తావా? జ్వరమొచ్చి నువ్వు మూలుగుతుంటే నత్తల చారు పోసి నిలబెట్టింది ఆవిడ! తాళంచెవి ఇలా తే!"

లాక్కుని ముసలమ్మే గేటు తీసింది. శవం వెళ్లిన దారి మూయకూడదని మా పెద్దలమాట. ఆ నమ్మకం చాలదనుకుందేమో, శ్మశానంలో డీలియా గోతిలో గుప్పెడు మట్టితో పాటు తాళంచెవి కూడా వేసేసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

మర్నాడు బ్రీడా బకెట్టుతో సందులోకి దిగింది. హోటలు మెట్ల మీంచి కోల్మన్ గుడ్లురిమాడు.

"ఏం చూస్తావ్? తాళంచెవి కావాలంటే వెళ్లి మా అమ్మనడుగు," అంటూ ఒడ్డుకు పోయింది.