శుక్రవారం ఆగే రైలు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో అమ్మగారే చెప్పారు. అమ్మగారంటే మాస్టారి భార్య. అప్పటికి మా వైండింగ్ షాపులో బోరు మోటారొకటి విప్పి రాగి తీగ చుడుతున్నాను. "మీ మాస్టారు తెల్లారుజామున వెళ్ళిపోయారయ్యా. నిద్రలోనే" అన్నారు. చేతిలో తీగ కింద పెట్టేశాను. ఆవిడే మళ్ళీ, "ఆయన బల్ల మీద ఏదో ఎర్ర లైటు వెలుగుతోంది. తీసెయ్యనా?" అని అడిగారు. అది చార్జరు. పడుకోబోయే ముందు బుల్లి బ్యాటరీ పెట్టి ఉంటారు. "పచ్చగా మారేదాకా ఉంచండమ్మా" అన్నాను. చావు కబురు చెప్పిన మనిషికి నేనిచ్చిన జవాబు అది! ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. షట్టరు దించేసి వాళ్ళింటికి పరిగెత్తాను.

ఆయన నాకు బళ్ళో పాఠం చెప్పలేదు. దర్శి హైస్కూల్లో చాలా ఏళ్ళు సైన్సు చెప్పి, రిటైరయ్యాక వినుకొండ వచ్చి మా షాపు వెనక వీధిలో స్థిరపడ్డారు. ఊరంతా మాస్టారంటుంటే నేనూ మాస్టారనే అన్నాను. నిజంగా నాకు మాస్టారయింది ఆ తర్వాత.

ఆయన మొదటిసారి షాపుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మిరప తోటలకి నీళ్ళు పెట్టే రోజులు. కాలిపోయిన మోటార్లు గుమ్మం దాకా పడున్నాయి, రైతులు నా నెత్తిన కూర్చున్నారు. ఈయన తెల్ల పంచె కట్టుకుని, చేతిసంచీలోంచి అగ్గిపెట్టె తీసి, అందులోంచి రేగిపండంత మోటారు తీశారు.

"ఏమోయ్, ఇది తిరగడం మానేసింది. కాస్త చూసిపెడతావా?"

నాకు ఒళ్ళు మండింది. "మాస్టారండీ, ఇక్కడ ఐదు హార్స్‌పవర్ మోటార్లు చూస్తామండి. దోమలకి ఆపరేషన్లు చెయ్యం" అన్నాను. రైతులు ఘొల్లుమన్నారు. ఆయన వాళ్ళకంటే గట్టిగా నవ్వారు.

"ఇందులోనూ ఉన్నది రాగి తీగేనోయ్. ముందు వీళ్ళవి చూడు. చేను ఎండితే మళ్ళీ రాదు. నా రైలుకి తొందరేం లేదు" అని బెంచీ మీద కూర్చుండిపోయారు. సాయంత్రం దాకా కదల్లేదు. చివరికి భూతద్దం పెట్టుకుని చూస్తే తెగిన తీగ కనిపించింది. అది అతికి, మోటారు బుయ్యిమని తిరగ్గానే ఆయన మొహం చూడాలి! ఆ మొహం కోసమే మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను, రైలు చూడ్డానికి.

ముందు గదిలో పాత తలుపు చెక్కను బల్లగా చేసి, దాని మీద గుండ్రంగా ఇత్తడి పట్టాలు వేశారు. మూడు ఇంజన్లు, పది పెట్టెలు. ఇంజను జానెడు కూడా ఉండదు. పట్టాల్లోకి కరెంటు ఇస్తే చక్రాలు దాన్ని అందుకుని మోటారుకి పంపుతాయి. పట్టా మీద కాస్త మురికి పడిందా, కరెంటు అందదు, బండి ఆగుతుంది.

మాస్టారి బండికి ఒక వింత జబ్బు ఉండేది. వారమంతా బాగానే నడిచి, శుక్రవారం సాయంత్రానికి ఎక్కడికక్కడ ఆగిపోయేది. శనివారం తెల్ల గుడ్డతో పట్టాలు తుడిస్తే గుడ్డంతా ఎర్రగా వచ్చేది. "మిరప లారీల దుమ్మోయ్. ఆ ఘాటుకి మనుషులే తుమ్ముతుంటే ఇంజనెంత!" అనేవారు. కిటికీలు మూయించారు. తడి గుడ్డలు కట్టించారు. అయినా శుక్రవారం వచ్చేసరికి అదే వరస.

నాకు అలాంటి చోట ఓపిక ఉండదు. మొండికేసిన ఎద్దుని తోసినట్టు దాన్ని ఒక తోపు తోద్దామనిపిస్తుంది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆగిపోయినదాన్ని తిట్టకు. ఎక్కడ ఆగిందో చూడు." ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో లెక్కలేదు. సరేనని చూశాను. బండి ఆగిన చోటల్లా ఎర్ర మచ్చ ఉంది. వేలితో తీసి వాసన చూశాను.

"మాస్టారండీ, ఇది మిరప దుమ్మయితే ఈపాటికి నాకు తుమ్ము రావాలి. రాలేదు. ఇది కుంకమండి."

ఆయన వంగి చూశారు. జానెడుకొక బొట్టు, దాని కింద పసుపు. శుక్రవారం పొద్దున్న గడపకి బొట్లు పెట్టిన చేత్తోనే అమ్మగారు రైలు పట్టాలకీ పెట్టేస్తున్నారు. ఇంకేముంది, ఇప్పుడు ఆవిణ్ణి కేకేస్తారు, గోల తీరిపోతుంది అనుకున్నాను. నేనైతే పెంకులెగిరిపోయేలా అరిచేవాణ్ణి. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"చెప్పకు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా సైకిలుకీ, నా కళ్ళజోడు పెట్టెకీ కూడా పెడుతూనే ఉందోయ్. పట్టాలకి వద్దంటే, నా రైలు ఈ ఇంటిది కాదన్నట్టు ఉంటుంది."

"మరి బండి ఆగుతుంది కదండీ!"

"పట్టాల మీద ఆధారపడితే కదా ఆగేది! పొలానికెళ్ళేవాడికి కట్టినట్టు ఇంజనుకి సద్దిమూట కట్టేద్దాం. దాని తిండి అదే మోసుకుపోతుంది."

సద్దిమూట అంటే బ్యాటరీ. ఒక్క మాటతో పోయేదానికి ఇంత యాగీ ఏమిటా అనుకున్నాను. కానీ ఆ యాగీలో నేను పడ్డ సంతోషం నా వృత్తిలో ఎప్పుడూ పడలేదు. చక్రాల నుంచి వచ్చే తీగలు కత్తిరించేశాం. బొటనవేలంత బ్యాటరీ, దాని ఓల్టేజి పెంచడానికి తపాలా బిళ్ళంత బోర్డు. రెండింటికీ చోటు చాలక ఇంజనులో ఉన్న సీసం దిమ్మ తీసేశాం. తీసేస్తే చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి తప్ప బండి కదల్లేదు. "బరువు పోతే పట్టు పోతుందోయ్" అంటూ మర్నాడు చేపల వలకి కట్టే సీసం గుండ్లు ఎక్కణ్ణించో పట్టుకొచ్చారు. వాటిని సందుల్లో కూరాం. నా చేతులు మొరటువి. టంకం పెట్టబోయి ఇంజను పైకప్పు ఓ మూల కరిగించాను కూడా. "పర్లేదు, ఎండకి వంగిందని చెబుదాం" అన్నారు.

కావాలనే శుక్రవారం సాయంత్రం నడిపించారు. బండి బొట్ల మీదుగా ఝామ్మని పోయింది. అమ్మగారు కాఫీ తెచ్చి, "ఇవాళ మిరప దుమ్ము లేదా ఏమిటి?" అని అడిగారు.

"బ్యాటరీ పెట్టాం. ఇక కరెంటు పోయినా దిగుల్లేదు" అన్నారు మాస్టారు. పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పీ చెప్పీ అరిగిపోయిన నోరు! ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. అమ్మగారు పోన్లెండి అని, ఇంజను నుదుటికి ఒక బొట్టు పెట్టారు. అప్పటి నుంచి కొత్తగా బ్యాటరీ పెట్టిన ఏ ఇంజనైనా ఆవిడ బొట్టు పడనిదే పట్టాలెక్కేది కాదు.

ఆ దసరాకి బొమ్మల కొలువు చుట్టూ రైలు వేశారు. పేరంటానికి వచ్చినవాళ్ళతో గది నిండిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ చీకట్లో ముందు దీపం వెలిగించుకుని, పెట్టెల నిండా శనగలు మోసుకుంటూ రైలు ఒక్కొక్కరి ముందుకీ వచ్చింది. ముసలమ్మలు కూడా చప్పట్లు కొట్టారు. మాస్టారు తలుపు పక్కన నిలబడి, "చూశావటోయ్, మన అబద్ధం నిజమైంది" అన్నారు నా చెవిలో.

మూడు ఇంజన్లలో రెండింటికి బ్యాటరీ పెట్టేశాక మిగిలింది నల్లటి ఆవిరి ఇంజను. అన్నిటికంటే చిన్నది, లోపల చోటే లేదు. దాని సద్దిమూట వెనక బొగ్గు పెట్టెలో పెట్టాలని ఆయన పథకం. ఆ బ్యాటరీయే ఆయన పోయిన పొద్దున బల్ల మీద చార్జరులో ఉన్నది. నేను వెళ్ళేసరికి లైటు పచ్చగా మారింది. నేనే తీశాను.

పెద్దకర్మ అయ్యాక అమ్మగారు ఇంజను నా చేతిలో పెట్టి, "పూర్తి చెయ్యి" అన్నారు. నెల పట్టింది. రైతులు తిడుతూనే ఉన్నారు, నేను టంకం పెడుతూనే ఉన్నాను. కప్పు కరగలేదు ఈసారి.

తీసుకెళ్ళిన రోజు శుక్రవారమని నాకు గుమ్మం దగ్గరగానీ తట్టలేదు. గడపకి బొట్లు లేవు. లోపల పట్టాలు కడిగినట్టు మెరుస్తున్నాయి. ఆవిడ బొట్టు లేకుండా ఈ ఇంట్లో ఏ ఇంజనూ కదల్లేదు. ఇప్పుడు పెట్టమని ఏ మొహంతో అడగను? ఇంజనుని పట్టాల మీద నిలబెట్టి, మీట నొక్కకుండా నిలబడ్డాను.

"నిలబడ్డావేం? నడిపించు" అన్నారు అమ్మగారు.

"ఎప్పుడూ ముందు మీరు..." అని ఆగిపోయాను.

ఆవిడ లోపలికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. తప్పు మాట అన్నానని నాలిక కరుచుకున్నాను. వచ్చేసరికి చేతిలో కుంకం భరిణె ఉంది. "పెట్టకూడదంటారు. అననీ. ఆయన ఇంజను బోసిగా వెళ్ళడమేమిటి?" అని బొట్టు పెట్టారు. అక్కడితో ఆగలేదు. పట్టాల మీద కూడా జానెడుకొకటి పెట్టుకుంటూ బల్ల చుట్టూ తిరిగొచ్చి అడిగారు.

"ఇప్పుడు ఆగదుగా?"

నేను తెల్లబోయాను. "మీకు తెలుసా అమ్మా?"

"ఆ తుడిచిన గుడ్డలు ఉతికింది ఎవరనుకున్నావయ్యా? కుంకానికీ మిరప దుమ్ముకీ తేడా తెలీదా నాకు! అది తెలిసిన రోజే మానేద్దామనుకున్నా. ఈలోగా మీరిద్దరూ బ్యాటరీలంటూ మొదలెట్టారు. ఆయనకి అంత సంబరం నేను ఎప్పుడూ చూళ్ళేదు. ఇంక మానేస్తే ఎలా?"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నేనూ అంతే. మీట నొక్కాను. నల్ల ఇంజను మొదటి బొట్టు మీదుగా, రెండో బొట్టు మీదుగా వెళ్ళింది. చక్రాలకి కుంకం అంటుకుని, నాలుగో చుట్టుకి పట్టాల పొడుగునా సన్నటి ఎర్ర గీత పడింది. అమ్మగారు మాస్టారి కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. బండి ఎక్కడా ఆగలేదు.