సతర్‌కుల్ బాబాయి అద్దానికి పొర

మా కరకోల్‌లో సాయంత్రం పూట సతర్‌కుల్ బాబాయి ఇంటి ముందు ఎవరూ నడవరు, పరిగెత్తుతారు. మనిషి దొరికితే చాలు, ఆయన దుర్భిణి దగ్గర నిలబెట్టి "ఎన్ని కనిపిస్తున్నాయి?" అని అడుగుతాడు. "ఒకటి" అన్నవాడు ఆ పూట ఇంటికెళ్ళినట్టే!

అది మనిషి పొడవు ఇత్తడి గొట్టం. బాబాయి తాత ఎవరో సర్వేయరుకి మేలైన ఆడగుర్రాన్నిచ్చి తెచ్చుకున్నాడట. "ఆ గుర్రమే ఉంటే ఈపాటికి మంద అయ్యేది. ఇది ఇన్నేళ్ళలో ఒక్క పిల్లనైనా పెట్టిందా?" అని బురుల్చా పిన్ని టీ పోసినప్పుడల్లా దెప్పేది.

బాబాయి దాన్ని ఆపిల్ తోటలో నిలబెట్టి, ఆకాశంలో హంసలా కనిపించే చుక్కల గుంపులో ముక్కు దగ్గరుండే నక్షత్రానికి గురిపెట్టేవాడు. మామూలుగా చూస్తే ఒకటే చుక్క. దుర్భిణిలో రెండు: ఒకటి పసుపు, ఇంకోటి నీలం.

"ఒకటే ఉంది బాబాయ్."

"మళ్ళీ చూడు."

"చలేస్తోంది బాబాయ్."

"చలి కంటికేం వెయ్యదు. చూడు."

"అద్దంలోనే ఏమన్నా తేడా..."

అంతే, ఇంతెత్తున లేచేవాడు. "నా అద్దాన్నంటావా? పోయి నీ కళ్ళు కడుక్కో!"

దాంతో ఊరంతా పాఠం బట్టీపట్టింది. కన్ను ఆనించీ ఆనించకముందే "రెండు బాబాయ్! ఒకటి పసుపు, ఒకటి నీలం!" అని అప్పజెప్పి బయటపడటమే. గోడ పక్కనే ఇల్లు కనుక అందరికంటే ఎక్కువసార్లు అప్పజెప్పింది నేనే.

ఒకనాడు పొద్దు గూకుతుండగా బాబాయి మా నలుగురికీ నెలవంక మీది గుంటలు చూపిస్తున్నాడు. అప్పుడే మినీబస్సు నడిపే మెదేర్, పిన్నికి పిండిబస్తా దించిపోదామని వచ్చాడు. బాబాయి వదుల్తాడా? మెదేర్ ఆకాశం వైపు చూడనైనా చూడకుండా కన్ను ఆనించి, "రెండు బాబాయ్! ఒకటి పసుపు, ఒకటి నీలం!" అన్నాడు.

"ఒరేయ్, అది చంద్రుడ్రా!" అన్నాన్నేను. అందరం పడీపడీ నవ్వాం. మెదేరూ నవ్వాడు గాని, ముఖం పాలిపోయింది.

బాబాయి నవ్వలేదు. "రెండో కన్ను పెట్టు" అన్నాడు. మెదేర్ పెట్టాడు. చాలాసేపు చూశాడు. కన్ను నులుముకుని మళ్ళీ ఆనించాడు. రోజూ కొండమలుపుల్లో బస్సు నిండా జనాన్ని తిప్పే మనిషి అతను.

బాబాయి గొట్టం మీద చెయ్యేశాడు. "నవ్వకండర్రా. తప్పు వాడిది కాదు. నా అద్దానికే పొర పట్టింది."

పిన్ని చేతిలో కెటిల్ జారి కింద పడింది. ఆ ఇంట్లో అలాంటి మాట వింటానని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు.

"బిష్కెక్ తీసుకెళ్ళి బాగుచేయించాలి. బరువు కదా, మెదేర్, నువ్వు తోడు రా. బస్సు మీ బావమరిది నడుపుతాడులే" అన్నాడు బాబాయి. మూడుకాళ్ళ స్టాండు నా నెత్తిన పెట్టాడు.

నగరంలో దిగగానే మా ఇద్దర్నీ తిన్నగా కంటాసుపత్రికి నడిపించాడు. వరండాలో గొట్టాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు.

"తాతగారూ, పేషెంటెవరు?" అంది నర్సు.

"ఇద్దరున్నారమ్మా. ముందు మావాణ్ణి చూడండి. దీనికంత తొందరలేదు."

మెదేర్ చటుక్కున లేచాడు. "బాబాయ్, ఊళ్ళో తెలిస్తే నా బస్సెవరెక్కుతారు?"

"ఊరికి తెలిసింది నా అద్దం సంగతే. ఎవడైనా అడిగితే నేను చెప్పుకుంటా. నువ్వు కూర్చో."

ముందు ఒక కంటికి, తర్వాత రెండోదానికి పొర తీశారు. డాక్టరు సరేనన్నాకే మెదేర్ మళ్ళీ స్టీరింగు పట్టాడు. మొదటిరోజే బస్సులో ఎవరో దుర్భిణి ఊసెత్తారు.

"అబ్బో, అదేం అద్దమండీ! పూర్తిగా పొర కమ్మేసింది. నేను దగ్గరుండి బాగుచేయించాను కాబట్టి సరిపోయింది" అన్నాడు మెదేర్, దూరంగా అడ్డమొస్తున్న గొర్రెల్ని చూసి ముందే బ్రేకు తొక్కుతూ.

వెనక సీట్లో బాబాయి ఆపిల్ కొరుకుతూ, "నిజమే, వీడు లేకపోతే నా దుర్భిణి గుడ్డిదైపోయేది" అన్నాడు.

పక్కనే కూర్చున్న పిన్ని తలరుమాలు నోటికడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.