పసుపు వేసిన బూజు

చెరకు పండించి బెల్లం వండే ఇంట్లో పుట్టి, నేను బూజుల మీద చదువుకున్నాను. బెల్లం దిమ్మకి బూజు పట్టిందంటే అనకాపల్లి మార్కెట్లో వర్తకుడు మొహం తిప్పుకుంటాడు. అలాంటి బూజుని కోరి పెంచుతానంటే మా ఇంట్లో నవ్వనివాళ్ళు లేరు. నవ్వుకోనీ. అడవిలో రాలిన ఆకంతా ఏటా ఏమైపోతుందో నాకు తెలుసు. ఆకుకి గట్టితనమిచ్చే పీచుని, అంటే సెల్యులోజుని, నేలలోని బూజులు విడగొట్టి తినేస్తాయి. ఎండు చెరకాకులో ఉన్నదీ ఆ పీచే.

కోతలయ్యాక అన్నయ్య ఏటా ఆ ఆకు తగలబెట్టేవాడు. ఆ పొగకి అమ్మకి ఆయాసం పట్టుకునేది. కిటికీలు మూసుకుని, మంచం మీద కూర్చునే నిద్రపోయేది. ఉగాది పచ్చడి కూడా మంచం దగ్గరికే పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. నిరుడు కోతలవగానే అన్నయ్యకి చెప్పేశాను, ఈసారి నిప్పు పెట్టొద్దు, నేను కుళ్ళబెడతానని.

"సరే, ఉగాది దాకా సూత్తాను. కుళ్ళకపోతే అగ్గిపుల్ల గీసేత్తాను. ఆనక నన్ననకు," అని ఆకంతా గట్టున కుప్ప పోయించాడు.

రోలుగుంట కొండల్లో చెట్ల కింది మట్టి తెచ్చి, నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబ్‌లో బూజుని వేరు చేసి, ఇంట్లో ఉడికించిన జొన్నల మీద కుండలో పెంచాను. ఆకుపచ్చగా, ముచ్చటగా వచ్చింది. చేనుకి తీసుకెళ్ళే రోజు పొద్దున్నే మూత తీసి చూస్తే అంతా పసుపు!

"మంచిపనికి ఒట్టి కుండ అట్టుకెల్తావేటే? గుప్పెడు పసుపు కలిపేను," అంది అమ్మ సంబరంగా.

పసుపు బూజుకి గిట్టదు. అందుకే కదా ఊరగాయల్లో వేసేది. అమ్మని ఏమనగలను? అన్నయ్య మాత్రం సంగతి అమ్మకి చెప్పి మరీ పడీ పడీ నవ్వాడు.

"అయిపోనాదేటి నీ సైన్సు?"

"అడవికి కుండ ఎవరు పెట్టేరు అన్నియ్యా?" అన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆటో మాట్లాడుకుని మళ్ళీ కొండకి వెళ్ళాను. తెల్లటి బూజుపోగులు అల్లుకున్న ఆకుమట్టి గోనెసంచిలో తెచ్చి, పేడనీళ్ళలో మా బెల్లమే కలిపి, కుప్ప విప్పించి పొరపొరకీ చల్లించాను. ల్యాబ్ లేదు, కుండ లేదు. తడి మాత్రం ఆరనివ్వలేదు.

ఉగాది ముందురోజు అన్నయ్య పార తెచ్చి కుప్ప నడుమ తవ్వాడు. నల్లటి ఎరువు పొడిపొడిగా రాలింది. గుప్పెడు తీసి వాసన చూశాడు.

"ఓలమ్మ! మొత్తం తినేసేయే!" అన్నాడు. జేబులో అగ్గిపెట్టె జేబులోనే ఉండిపోయింది.

పండగనాడు అమ్మ ఇంటి నుంచి చేను దాకా ఎక్కడా ఆగకుండా నడిచొచ్చింది. చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం. కుప్ప ముందు నిలబడి, అనుమానంగా నా వైపు చూసింది.

"ఇప్పుడెయ్యొచ్చేటే?"

"వెయ్యమ్మా," అన్నాను. "ఎంత కావాలంటే అంత వెయ్యి."