మరమరాల భట్టీలో నా బండి ఆయిల్

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవి. సూర్యాపేటలో నేను కాలుష్య నియంత్రణ ఇంజనీరును. పొగ ఎక్కడ లేస్తే నేనక్కడ వాలాలి. కోదాడ శివారులో ఓ మరమరాల భట్టీ మీద ఫిర్యాదు వచ్చింది: ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయని.

యజమాని సైదులు కుర్చీ వేసి, వేడివేడి మరమరాలు దోసిట్లో పోశాడు. ఎండన పడి వచ్చానేమో, తినేశాను. పొయ్యి చూసింది ఆ తర్వాతే. తనిఖీకి ముందే శాంపిల్ మింగిన ఇంజనీరు మా శాఖలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

పొయ్యి పక్కన డ్రమ్ము. అందులోంచి మంటలోకి చుక్కలుగా పడుతున్నది బండ్ల ఇంజన్లలోంచి తీసేసిన నల్లటి ఆయిల్.

"ఊక ఏమైంది సైదులూ?"

"ఊక యాడిది సారూ? మిర్యాలగూడ మిల్లులల్ల బాయిలర్లకే సాలుతలేదు. ఇది ఎట్లనూ కాలిన ఆయిలే గద, ఇంకోసారి కాలిస్తే ఏమైతది?"

అందులో ఇంజన్ అరిగి రాలిన లోహపు పొడి, సీసం లాంటివి ఉంటాయి. చట్టం దాన్ని హజార్డస్ వేస్ట్, అంటే ప్రమాదకర వ్యర్థం అంటుంది. దాన్ని శుద్ధిచేసే, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. సైదులుకు అదే చెప్పాను.

"మరి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలల్ల కాలుస్తరంట?"

"పర్మిషన్ ఉన్నోళ్లు కాలుస్తరు. ఆ వేడి వేరు. నీ పొయ్యిల సగమే కాలుతది. మిగిలింది మరమరాల మీదికి, మీ ఊపిరితిత్తులల్లకు."

జల్లెడ పడుతున్న ఆయన భార్య నాగమణి దగ్గుతూ మూతికి కట్టుకున్న కొంగు విప్పి చూపింది. నల్లటి మచ్చ.

"నేను సెప్తే ఇన్నడా సారూ? మీరన్న సెప్పుండ్రి. కానీ భట్టీ బందు వెట్టకుండ్రి, గిదే మా బువ్వ."

పదిహేను రోజుల్లో ఆయిల్ మానకపోతే భట్టీ మూసివేస్తామని నోటీసు రాశాను. అందులో ఆయిల్ ఎక్కడిదన్న గడి మిగిలితే సైదులును అడిగాను.

"సూర్యాపేటల మెకానిక్ వెంకన్న షెడ్డుది సారూ."

పెన్ను ఆగింది. ఏళ్లుగా నా మోటార్‌సైకిల్‌కు ఆయిల్ మార్చేది వెంకన్నే.

మర్నాడు షెడ్డుకు వెళ్లి నిలదీస్తే వెంకన్న డ్రమ్ము మీద తట్టాడు. "మీ బండి ఆయిల్ గూడ గిండ్లనే వోసిన. అదెటు వోతదని మీరెన్నడన్న అడిగిండ్రా?"

అడగలేదు. పరాయి పొగగొట్టాలు లెక్కపెట్టే పనిలో తీరిక చిక్కలేదు.

వెంకన్నకూ ఓ నోటీసు ఇచ్చి, రీసైక్లర్ బండి నెలనెలా వచ్చేలా మాట్లాడాను. సైదులు పక్క భట్టీవాళ్లతో కలిసి బాయిలర్ లేని ఓ చిన్న మిల్లు నుంచి లారీడు ఊక తెచ్చుకున్నాడు. పద్నాలుగో రోజు వెళ్లేసరికి పొయ్యిలో ఊక మండుతోంది. నాగమణి మరమరాలు పోసింది. ఈసారి పొయ్యి చూశాకే తిన్నాను.

ఇప్పుడు ఏ షెడ్డులో ఆయిల్ మార్పించినా, పాతది ఏ డ్రమ్ములో పడుతుందో చూసిగానీ బండి స్టార్ట్ చేయను.